"నా తల, నా ఇష్టం" అంటే తప్పా?

ప్రశ్న: సార్, నాకు ముప్పై ఏళ్లు. ఖమ్మం జిల్లాలో మెడికల్ రెప్‌గా పని చేస్తున్నాను. రోజూ బండి మీద వైరా, తల్లాడ, సత్తుపల్లి దాకా తిరుగుతుంటాను. హెల్మెట్ పెట్టుకోను. పెట్టుకుంటే ఎండాకాలంలో పది నిమిషాలకే తల ఉడికిపోతుంది. జుట్టు ఊడుతుంది, మెడ నొప్పి వస్తుంది. చెమటతో, అణిగిపోయిన జుట్టుతో డాక్టర్ ముందు నిలబడితే మా పనిలో బాగుండదు. నేను తాగి నడపను, స్పీడుగా పోను, రాంగ్ రూట్‌లో రాను. ఇంతవరకు ఒక్కసారి కూడా పడలేదు. ఒకవేళ పడినా దెబ్బ తగిలేది నాకే. మరి నన్ను ఆపి ఫైన్ వేసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? ఇదే ప్రభుత్వం మందు మీద ఆదాయం తీసుకుంటుంది, పెట్టె మీద పుండు బొమ్మ వేయించి సిగరెట్లు అమ్మనిస్తుంది. వాటితో పోయే స్వేచ్ఛ నాకుంది గానీ, తలకు కాస్త గాలి తగలనిచ్చే స్వేచ్ఛ లేదా? మా పెద్దమ్మ కొడుకు చికాగో దగ్గర ఉంటాడు. అక్కడ హెల్మెట్ చట్టమే లేదట. "ఇక్కడ ఎవరి ప్రాణానికి వాళ్లే బాధ్యులు" అంటాడు. ఇంట్లోనూ ఇదే గొడవ. హెల్మెట్ పెట్టుకునే దాకా నీ బండి ఎక్కనని నా భార్య ఆటోలో వెళ్తోంది. మూడేళ్ల పాపను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటే దానికీ గొడవే. మా నాన్న మాత్రం ముప్పై ఏళ్లుగా హెల్మెట్ లేకుండానే పొలానికి, మార్కెట్‌కి తిరుగుతున్నారు. చట్టం కాబట్టి పాటించు అని మాత్రం చెప్పకండి. ఎందుకు పాటించాలో చెప్పండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: చట్టం కాబట్టి పాటించమని నేను చెప్పను. చట్టాలన్నీ మంచివే అయితే వాటిని సవరించే పనే ఉండేది కాదు. మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్న. ఎవరికీ హాని చేయని మనిషిని, అతని మంచి కోసమే అయినా, ప్రభుత్వం బలవంతం చేయవచ్చా? చేస్తే ఎంతవరకు? దీన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసేవాళ్లు రేపు ప్రభుత్వం మరీ లోపలికి చొరబడినప్పుడు ఏ మాటతో అడ్డుకుంటారు?

ఈ వాదన మన రాష్ట్రం నుంచే ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాల్లో 498-ఎ అని ఒక నియమం చేర్చి, ద్విచక్ర వాహనం నడిపేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఇది దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కుకు, వ్యక్తిగత స్వేచ్ఛకు విరుద్ధమని ఒక వ్యక్తి కోర్టుకెక్కారు. 1988 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తలకు దెబ్బ తగలకుండా కాపాడే నియమం మనిషి తిరగడాన్ని అడ్డుకోవడం లేదని, అతను క్షేమంగా తిరగడానికే అది ఉందని చెప్పింది. ఒకవేళ దాన్ని ఆంక్ష అనుకున్నా, ప్రజల ప్రయోజనం కోసం పెట్టిన సమంజసమైన ఆంక్షేనంది. ఆ మరుసటి ఏడాది అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్‌గా హెల్మెట్ దేశానికంతటికీ వచ్చింది.

కోర్టు చెప్పింది కాబట్టి వాదన అయిపోయిందని నేను అనడం లేదు. కానీ "తిరగడాన్ని అడ్డుకోవడం లేదు" అన్న ఆ మాటను గుర్తుంచుకోండి. నా సమాధానం దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ పెద్దమ్మ కొడుకు సంగతి చూద్దాం. చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో మోటార్‌సైకిల్‌కు హెల్మెట్ చట్టం లేని మాట నిజమే. అయోవా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లోనూ లేదు. కానీ అదే ఇల్లినాయ్‌లో కళ్లద్దాలో గాగుల్సో ముందు అద్దమో లేకుండా బండి నడపకూడదు. కారెక్కితే సీటు బెల్టు తప్పనిసరి. "ఎవరి ప్రాణానికి వాళ్లే" అన్నది అక్కడ కూడా అంత నికరంగా లేదన్నమాట.

అమెరికా ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవడం మంచిది. 1966లో వాళ్ల కేంద్ర ప్రభుత్వం హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో కోత పెడతామంది. పదేళ్లు తిరక్కుండానే దాదాపు అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. బైకర్ల సంఘాలు ఊరుకోలేదు. మీరు చెప్పిన మాటే చెప్పి గట్టిగా పోరాడాయి. 1968లో మిషిగన్ అప్పీళ్ల కోర్టు ఒకటి వాళ్లతో ఏకీభవించి అక్కడి చట్టాన్ని కొట్టేసింది కూడా. 1976లో అమెరికా పార్లమెంటు నిధుల కోత అధికారాన్ని తీసేయగానే చాలా రాష్ట్రాలు వరసగా చట్టాలను సడలించాయి. 2000లో ఫ్లోరిడా 21 ఏళ్లు దాటినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది, అయితే కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉండాలని షరతు పెట్టింది. ఆ తర్వాత అక్కడ మోటార్‌సైకిల్ మరణాలు పెరిగాయి. బండ్ల సంఖ్య పెరగడాన్ని లెక్కలోంచి తీసేసి చూసినా పెరిగాయి.

ఆ బీమా షరతు ఎందుకు పెట్టారో ఆలోచించారా? "దెబ్బ తగిలేది నాకే" అన్న మాట పూర్తి నిజం కాదని, స్వేచ్ఛ వైపు మొగ్గిన ఆ రాష్ట్రానికి కూడా తెలుసు. 1972లో మసాచుసెట్స్‌లోని ఒక కోర్టు ఇదే సంగతిని చాలా సూటిగా చెప్పింది. బండి మీద నుంచి పడిన మనిషిని మరుక్షణం రోడ్డు మీద నుంచి ఎత్తేది సమాజమే, ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చేదీ సమాజమే, ఉద్యోగం పోతే భృతి ఇచ్చేదీ, మంచాన పడితే కుటుంబాన్ని చూసుకోవాల్సి వచ్చేదీ సమాజమే. అలాంటప్పుడు ఇది అతనొక్కడి సంగతని ఎలా అంటామని ఆ కోర్టు అడిగింది.

మన దగ్గర ఇది ఇంకా నిజం. మీరు తల్లాడ దగ్గర పడితే ఎత్తుకెళ్లేది 108. తల లోపల రక్తం గడ్డకడితే ఖమ్మంలో కుదరక హైదరాబాద్ పంపవచ్చు. అక్కడ గాంధీలోనో నిమ్స్‌లోనో వెంటిలేటర్ ఉన్న ఒక మంచం మీకు ఇవ్వాలి. ఆ మంచం అవసరమైనవాళ్లు ఇంకెందరో అదే రాత్రి కారిడార్లో ఉంటారు. మీకు కార్డు ఉంటే ఖర్చు ఆరోగ్యశ్రీది, అంటే అందరిదీ. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఎవరి బాధ్యత వాళ్లదే అయ్యుంటే ఇవేవీ మీకు అక్కర్లేదని ముందే రాసిచ్చి బండెక్కాలి. ఏ నాగరిక సమాజమూ అలాంటి కాగితం తీసుకోదు, తీసుకోకూడదు కూడా. రోడ్డు పక్కన పడివున్న మనిషి హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా అని చూసి ఎత్తే దేశంలో బతకాలని నాకు లేదు.

అయినా ఈ ఖర్చు వాదన మీదే నేను మొత్తం బరువు పెట్టను. ఎందుకంటే అది హెల్మెట్ దగ్గర ఆగదు. నీ రోగానికి నేను డబ్బు కడుతున్నాను కాబట్టి నిన్ను శాసిస్తానంటే, రేపు ఆవకాయలో ఉప్పెంత వేయాలో, రోజుకెన్ని మైళ్లు నడవాలో కూడా శాసించవచ్చు. బీపీ, షుగర్ మీద పోయే డబ్బు తక్కువేం కాదు. సమాజం మనల్ని ఆదుకుంటుంది కాబట్టి మన జీవితం మొత్తం సమాజానిదే అన్న మాటను నేను ఒప్పుకోను. ఇక్కడ నేను మీ పక్షమే.

మందు, సిగరెట్ల గురించి మీరన్నది కూడా నిజమే. మనిషి ఆరోగ్యం మీద అంత శ్రద్ధ ఉన్న ప్రభుత్వం మందు ఆదాయం మీద బడ్జెట్లు వేసుకోవడం సిగ్గుపడాల్సిన విషయం. ఆ మాట ఎక్కడైనా గట్టిగా అనండి. కానీ దాన్ని హెల్మెట్ తీసేయడానికి కారణంగా చూపకండి. ప్రభుత్వం ఒక చోట తప్పు చేస్తోందంటే ఆ తప్పు సరిదిద్దమని అడగాలి. సరిగ్గా చేస్తున్న రెండో పని కూడా మానేయమని అడగడం వల్ల బాగుపడేది ఎవరు?

మరి నేను దేని మీద నిలబడతాను? రెండు ప్రశ్నల మీద. ఈ నియమం మీ జీవితంలోంచి ఎంత తీసుకుంటోంది? అది లేకపోతే పోయేది మళ్లీ తెచ్చుకోగలిగినదేనా?

మోటార్‌సైకిల్ నిజంగానే ప్రమాదకరమైన బండి. బస్సుతో, కారుతో పోలిస్తే దాని మీద వెళ్లే మనిషికి ఏ రక్షణా ఉండదు. ప్రాణాలు కాపాడటమే లక్ష్యమైతే బండ్లనే నిషేధించవచ్చు, రాత్రి తొమ్మిది తర్వాత తిరగొద్దనవచ్చు, వానలో బయటికి రావద్దనవచ్చు. ఏ ప్రభుత్వమైనా అలా చేస్తే నేను మీతో పాటు రోడ్డెక్కుతాను. ఎందుకంటే బండి మీ బతుకుతెరువు. దాని మీద ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, ఎంత ప్రమాదాన్ని తలకెత్తుకుని వెళ్లాలి అన్నది మీ నిర్ణయం, అసలు స్వేచ్ఛ అదే. ఆ స్వేచ్ఛలోంచి ఈ చట్టం ఒక్క కిలోమీటరు కూడా తీసుకోలేదు. సత్తుపల్లి వెళ్లండి, అశ్వారావుపేట వెళ్లండి, ఆ దారిలో తల మీద ఒకటి పెట్టుకోండి అంది. ప్రయాణాన్ని ఆపే నియమానికీ, ప్రయాణం చేసే తీరును కాస్త మార్చే నియమానికీ చాలా తేడా ఉంది. సుప్రీంకోర్టు మాటను గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఈ కొలతను చట్టం కూడా ఒక చోట చాలా నిజాయితీగా వాడింది. తలపాగా ధరించిన సిక్కులకు 129వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. బ్రిటన్‌లో 1973లో హెల్మెట్ తప్పనిసరి చేస్తే, సిక్కులు పోరాడి 1976లో మినహాయింపు సాధించుకున్నారు. తలపాగా తీయడమంటే వాళ్లకు విశ్వాసాన్ని తీసి పక్కన పెట్టడమే. నియమం మనిషిలో అంత లోతైనదాన్ని అడిగినప్పుడు, ప్రాణం ముప్పు ఉందని తెలిసి కూడా చట్టం వెనక్కి తగ్గింది. అలా తగ్గడం సరైనదేనని నేను అనుకుంటాను. ఇప్పుడు మీ కారణాలు చూడండి. చెమట, జుట్టు, మెడ నొప్పి, డాక్టర్ ముందు కనిపించే తీరు. ఇవి చిన్నవని కొట్టిపారేయను, మే నెలలో ఖమ్మం ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఇవి అసౌకర్యాలు, వీటికి మార్గాలున్నాయి. మనస్సాక్షిని వదులుకోమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇక రెండో ప్రశ్న. మీరు "నా తల, నా ఇష్టం" అంటున్నారు. ఆ ఇష్టం ఉండేది ఆ తలలోనే. కాలు విరిగితే కట్టు కట్టుకుని మూడు నెలల తర్వాత కొత్తగా నిర్ణయించుకోవచ్చు, ఇక బండి ఎక్కనని గానీ, ఎక్కుతానని గానీ. తలకు గట్టి దెబ్బ తగిలితే నిర్ణయించుకునే మనిషే మిగలకపోవచ్చు. చావు గురించి మాత్రమే అనడం లేదు. తలదెబ్బ తర్వాత బతికి బయటపడిన కొందరిలో మాట పోతుంది, కొందరికి మూర్ఛలు వస్తాయి, కొందరు నిన్న మొన్నటి సంగతులు మరిచిపోతారు. కొందరికి స్వభావమే మారిపోతుంది. నెమ్మదిగా ఉండేవాడు అయినదానికీ కానిదానికీ మండిపడతాడు, డబ్బు లెక్క తెలియదు. ఇంట్లోవాళ్లు "ఇది మా వాడు కాదు" అని ఏడుస్తారు. పొద్దున బండి తీసేటప్పుడు ఇది మీరు కోరుకున్నారా? స్వేచ్ఛను నిజంగా గౌరవించేవాళ్లు, స్వేచ్ఛగా ఉండే మనిషిని కూడా కాపాడుకోవాలి కదా.

హెల్మెట్ అధికారుల బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. 1935 మే నెలలో ఇంగ్లండ్‌లో టి.ఇ. లారెన్స్ అనే పేరు మోసిన సైనికుడు మోటార్‌సైకిల్ మీద నుంచి పడి, తలదెబ్బతో కొన్ని రోజులకు చనిపోయాడు. అతన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకరు. ఆయన ఆ తర్వాత ఊరుకోలేదు. సైన్యంలో బండ్ల మీద ఉత్తరాలు చేరవేసే కుర్రాళ్లు రోడ్డు మీద ఎలా పోతున్నారో లెక్క తీశాడు. హెల్మెట్ ఉన్నవాళ్ల దెబ్బలు, లేనివాళ్ల దెబ్బలు పక్కపక్కన పెట్టి చూశాడు. 1941లో ఆ పరిశోధన అచ్చయింది, అదే ఏడాది చివర్లో బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ నియమం వచ్చేసరికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2008లో చేసిన ఒక సమీక్షలో, హెల్మెట్ చావు ముప్పును సుమారు 42 శాతం, తలగాయం ముప్పును సుమారు 69 శాతం తగ్గిస్తుందని తేలింది. మీరు రోజూ డాక్టర్లకు మందుల గురించి చెప్పేవారు. ఇంత ఫలితం చూపించే మందు మీ బ్యాగులో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029. వీళ్లందరూ హెల్మెట్ ఉంటే బతికేవాళ్లని నేను చెప్పను. లారీ కింద పడితే, మితిమీరిన వేగంతో డివైడర్‌ని గుద్దితే ఏ హెల్మెట్టూ కాపాడలేదు. కానీ పై శాతాలను ఈ సంఖ్య పక్కన పెట్టి మీరే ఊహించండి.

"నేను జాగ్రత్తగా నడుపుతాను" అన్న మాటకు వస్తాను. నమ్ముతున్నాను. తాగి నడపకపోవడం, రాంగ్ రూట్‌లో రాకపోవడం మీ బాధ్యత, అది మీరు నిలబెట్టుకుంటున్నారు. కానీ ఆ రోడ్డు మీద మీరొక్కరే లేరు. వెనక లైటు లేని పత్తి ట్రాక్టర్ ఉంది. ఉన్నట్టుండి అడ్డం తిరిగే ఆటో ఉంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద మక్కలు, వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక ఆ రాయి కనిపించదు, ఆ గింజల మీద టైరు నిలవదు. రాత్రికి రాత్రి వేసి, తెల్ల గీత గీయని స్పీడ్ బ్రేకర్ ఉంది. మీ జాగ్రత్త మీ చేతుల్లో ఉన్నదాన్నే అదుపు చేస్తుంది. మీ చేతుల్లో లేనిదాని కోసమే హెల్మెట్. ఇంతవరకు పడలేదన్నారు, సంతోషం. మొదటిసారి పడిన ప్రతి మనిషీ అంతకుముందు పడనివాడే.

ఇప్పుడు ప్రభుత్వం వైపు తిరగాలి. ఇక్కడ మీ కోపంలో చాలా భాగం న్యాయమైనదే. మనిషి ప్రాణం కోసమే నియమం పెట్టానన్నవాళ్లు, దాన్ని అమలు చేసే తీరులో కూడా ఆ ప్రాణమే కనిపించాలి. మన దగ్గర కనిపిస్తున్నదేమిటి? మూల మీద నిలబడి ఫొటో తీసి ఇంటికి చలాన్ పంపడం. తెలంగాణలో 2022 మార్చిలో పాత చలాన్లు కట్టేస్తే ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ అన్నారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం అన్నారు. అంటే ఆ సొమ్ము ప్రాణరక్షణ కోసం వేసిన శిక్ష కాదు, వసూలు కావాల్సిన బాకీ అని ప్రభుత్వమే జనానికి నేర్పింది. ఫొటో తీసి వదిలేస్తే ఆ మనిషి హెల్మెట్ లేని అదే తలతో ఇంకో ముప్పై కిలోమీటర్లు వెళ్తాడు. ఆపి, మాట్లాడి, హెల్మెట్ పెట్టించి పంపితే ఆ రోజుకైనా ఒక తల భద్రం. ఇంకొందరు పోలీసులు కదులుతున్న బండికి అడ్డం దూకుతారు, తాళం లాక్కుంటారు, పారిపోతుంటే వెంటపడతారు. ప్రాణం కాపాడే నియమం పేరుతో ప్రాణం మీదికి తేవడం కంటే పెద్ద తప్పు లేదు. అలా జరిగినప్పుడు ఫిర్యాదు చేయండి, నేను మీ వెనక ఉంటాను.

నాసిరకం హెల్మెట్ల సంగతి కూడా ఇలాంటిదే. ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ తయారు చేయకూడదు, అమ్మకూడదు అని 2021 జూన్ నుంచి ఉంది. అయినా హైవే పక్కన చెట్టు కింద వేలాడేసి అమ్మే టోపీలు మీరు రోజూ చూస్తారు. అవి చలాన్‌ని ఆపుతాయి గానీ దెబ్బను ఆపవు. కొనేవాడికి ఫైన్ వేసినంత చురుగ్గా అమ్మేవాడి మీద, తయారు చేసేవాడి మీద పడరు. రోడ్డు గుంతకు ఏ ఇంజనీరుకూ చలాన్ రాదు. పౌరుణ్ణి బాధ్యతగా ఉండమనే ప్రభుత్వం తన వంతు బాధ్యత చూపాలని అడగడం మీ హక్కు. ఆ మాట అడగడానికి మీరు బతికి, తెలివిగా, ఓపికగా ఉండాలి.

మీ ఇంటి విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మీ పాప.

పెద్దవాడి స్వేచ్ఛ గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. మూడేళ్ల పిల్ల ట్యాంకు మీద కూర్చోవాలా వద్దా అన్నది ఆ పిల్ల స్వేచ్ఛ కాదు, ఆమె తరఫున మీరు తీసుకుంటున్న నిర్ణయం. గట్టిగా బ్రేక్ వేస్తే ముందుగా హ్యాండిల్ మీదికో, దాని మీదుగా రోడ్డు మీదికో వెళ్లేది ఆమే. ఆమెను వెనక్కి లాగే సమయం ఉండదు, ఒక చేత్తో పట్టుకుంటే బండి ఆగదు. స్వేచ్ఛ గురించి ఎంత గట్టిగా మాట్లాడేవాళ్లైనా పిల్లల దగ్గరికి వచ్చేసరికి చట్టాన్ని ఒప్పుకుంటారు. హెల్మెట్ చట్టాలను ఎత్తేసిన అమెరికా రాష్ట్రాలు కూడా చాలావరకు చిన్న వయసువాళ్లకు దాన్ని అలాగే ఉంచాయి. మన దగ్గర 2022లో తెచ్చిన నియమం ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ ఉండాలి, పిల్లను నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లలాగే హెల్మెట్ తప్పనిసరి. ఈ విషయంలో మీ భార్య గొడవ పడుతోందని రాశారు. ఆవిడ ఇంకాస్త గట్టిగా పడాల్సింది.

ఆవిడ బండి ఎక్కనన్న మాటను మీరు మొండితనంగా చూస్తున్నట్టు అనిపించింది. నాకు అది వేరేగా కనిపిస్తోంది. మీరు మాటిమాటికీ చెప్తున్న వ్యక్తిగత బాధ్యతను మీ ఇంట్లో నిజంగా పాటిస్తున్నది ఆవిడే. పోలీసు చెప్పలేదు, చలాన్ రాలేదు, తన ప్రాణం గురించి తనే ఆలోచించి ఆటో ఎక్కుతోంది. పైగా మీ తల పగిలితే దాని తర్వాతి జీవితం బతకాల్సింది ఆవిడ. మీ నిర్ణయంలో ఆవిడకు మాట ఉండాలి. ఇంకో సంగతి, పైన చెప్పిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మీరు రేపు హెల్మెట్ పెట్టుకుని ఆవిడను పిలిస్తే, ఆవిడకు కూడా ఒకటి కొని పిలవండి. చీరకట్టుతో ఒక పక్కకు కూర్చునే ఆడవాళ్లకు పట్టు తక్కువ, పడితే తల వెనక భాగం నేలకు తగలవచ్చు.

ఎండ, చెమట, మెడ సంగతి. హెల్మెట్ వల్ల మెడ ఎముకలు దెబ్బతింటాయన్న మాటకు అధ్యయనాల్లో గట్టి ఆధారం దొరకలేదు. మీ నొప్పికి బరువైన, వదులైన హెల్మెట్ కారణం కావచ్చు, రోజంతా బండి మీద వంగి కూర్చోవడం కూడా కావచ్చు. ఐఎస్ఐ మార్కుతో కిలో, కిలోంబావు లోపు బరువున్నవి, ముందూ వెనకా గాలి దారులున్నవి దొరుకుతాయి. షాపులో పెట్టుకుని తల అటూ ఇటూ ఊపండి. తలతో పాటు హెల్మెట్ కదలాలి, విడిగా తిరగకూడదు. లోపల పల్చటి నూలు టోపీ వేసుకుంటే చెమట అది పీల్చుకుంటుంది, జుట్టుకూ హెల్మెట్ లైనింగ్‌కూ రాపిడి ఉండదు. టోపీ రోజూ ఉతకండి, రెండు మూడు ఉంచుకోండి. లైనింగ్ ఊడదీసి ఉతికే రకం అయితే ఇంకా మంచిది. డాక్టర్ గదిలోకి వెళ్లే ముందు మొహం కడుక్కుని దువ్వుకోవడానికి రెండు నిమిషాలు చాలు. హెల్మెట్‌తో వచ్చిన రెప్‌ని ఏ డాక్టరూ తక్కువగా చూడడు. క్యాజువాల్టీలో డ్యూటీ చేసిన డాక్టరైతే అసలు చూడడు.

గడ్డం కింద పట్టీ క్లిప్పు వేయండి. వేయకపోతే మీరు పడకముందే హెల్మెట్ పడిపోతుంది. చట్టం కూడా పట్టీ బిగించి పెట్టుకుంటేనే పెట్టుకున్నట్టు లెక్క వేస్తుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది, మార్చేయండి. 2019 సవరణ తర్వాత చట్టంలో హెల్మెట్ లేనందుకు 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు రద్దు చేసే వీలు కూడా ఉంది. లైసెన్సు ఆగితే మీ ఉద్యోగమే ఆగుతుంది కాబట్టి ఈ సంగతి చెప్తున్నాను, భయపెట్టడానికి కాదు.

నాన్నగారితో చట్టం గురించి వాదించకండి. ముప్పై ఏళ్లుగా ఏమీ కాని మనిషికి లెక్కలు చెప్తే వినరు, కొడుకు తనకు నడపడం నేర్పుతున్నాడని బాధపడతారు. ఆయనకు సరిపోయే తేలికైన హెల్మెట్ ఒకటి కొని, బండి అద్దానికి తగిలించి పెట్టండి. పొలానికి కాకపోయినా, మిర్చి అమ్మడానికి ఖమ్మం మార్కెట్‌కి వెళ్లే రోజు హైవే ఎక్కాలి కాబట్టి ఆ రోజైనా పెట్టుకోమని అడగండి. మనవరాలితో అడిగిస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే మళ్లీ అడగండి, అంతకు మించి చేయకండి. ఆయన పెద్దవారు, ఆయన మీద మీకు ఆ చట్టానికున్నంత అధికారం లేదు.

పాపకు సరిపడే సైజు హెల్మెట్ ఖమ్మంలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తల చుట్టుకొలత చూసి తెప్పించుకోండి, కట్టే బెల్టు కూడా అలాగే. అవి వచ్చే దాకా పాపను బండి మీద తీసుకెళ్లకండి. మీ భార్య ఎలాగూ ఆటోలోనే వెళ్తోంది, పాపను ఆవిడతో పంపండి.